పిట్ట ముట్టని ముద్ద

ఆ పొద్దున మా ఇంట్లో గొడవ గుప్పెడు అన్నం మీద మొదలైంది.

మా అత్తమ్మ లీలాబాయి స్నానం కాగానే వంటింటి వెనక గోడ మీద ఇంత అన్నం పెడుతుంది. కాకులు, గోరింకలు వచ్చి తిని పోతాయి. ఆ రోజు ఆమె దీపం ముట్టించి వచ్చేసరికి గోడ మీద అన్నం లేదు. గోడ శుభ్రంగా కడిగి ఉంది. కడిగింది నా కూతురు ప్రణతి.

పిట్టల నోటికాడి కూడు తీసేశావేమిటని అత్తమ్మ అడిగింది. చీమలు పడుతున్నాయని ప్రణతి అంది. చీమలకు మాత్రం కడుపు లేదా అని అత్తమ్మ. మామూలుగా అయితే ఆ మాటకు ప్రణతి పకపకా నవ్వాలి. బాపమ్మతో కొట్లాడటమంటే దానికి అంత ఇష్టం. ఆ రోజు నవ్వలేదు.

“ఇంట్ల పిట్టలకు పెట్టుడు బంద్ చెయ్యి బాపమ్మా” అని, చేతిలోని మగ్గు అక్కడే వదిలేసి పైగదికి వెళ్లిపోయింది.

పిల్లకు నిద్ర చాలడం లేదని మా వారు సంతోష్‌రావు పేపరు వెనక నుంచి తేల్చేశారు. చాలకపోవడం కాదు, నిద్రే లేదని నాకు తెలుసు. పైగది మా గదికి సరిగ్గా మీద. అడుగుల చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. కంచంలో అన్నం కలుపుతుంది, కెలుకుతుంది, లేస్తుంది. ఫోను ఎక్కువగా ఆపేసే ఉంటుంది. నాలుగు రోజుల కింద, తుప్పు పట్టిందన్న సాకుతో, పైగది తలుపుకు లోపలి గడియ ఊడదీయించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో కూడా నేను అనుకోలేదు. ఆ ఆలోచనను పూర్తిగా అనుకోవడానికే భయం.

ప్రణతి డిగ్రీ ఆఖరి సంవత్సరం. తోటి పిల్లలు కొందరితో కలిసి, ఒక నర్సమ్మ దగ్గర నేర్చుకుని, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్తుంది. ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, పుండ్లు కడిగి కట్టు కట్టడం. దానికి అప్పగించిన మనిషి హుజూరాబాద్ దగ్గరి పల్లెలో కిష్టవ్వ. కొడుకు దుబాయిలో ఉంటాడు, ఇంట్లో కోడలొక్కతే. ఆ కిష్టవ్వ ఈమధ్యే పోయింది. ప్రణతి చూడటానికి వెళ్లి వచ్చి, తలస్నానం చేసి, ఇంత తిని పడుకుంది. దుఃఖం ఉంటుంది, తగ్గుతుంది అనుకున్నాను. తర్వాత ఒక మధ్యాహ్నం, నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుండగా దానికి ఫోన్ వచ్చింది. విన్నది. “సరే అక్కా” అంది. మిగిలిన కాయలు తుంచలేదు. ఆనాటి నుంచి ఏ ఇంటికీ వెళ్లడం లేదు.

ఆ పని ఇక మానిపించమని మా వారు రెండుసార్లు అన్నారు. ముసలివాళ్ల చావులు చూసే వయసా అది అన్నారు. కాదని నేను అనలేకపోయాను.

అన్నం గొడవ జరిగిన రోజే సాయంత్రం తిరుమల వచ్చింది. ప్రణతితో పాటు ఈ పని చేసే పిల్ల. ఊరు శ్రీరాంపూర్, తండ్రి బొగ్గుబావిలో పని, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతుంది. వాళ్లు ఆదివారం ఆదివారం ఒకచోట కూర్చుంటారట. నర్సమ్మ ఉండదు, పెద్దలు ఉండరు. ఇంట్లో చెప్పుకోలేనివి ఒకరికొకరు చెప్పుకుంటారు. రెండు ఆదివారాలు రాని వాళ్ల ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి కూర్చోవాలని వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. ఇదివరకు ఒక కుట్టుమిషన్ల గదిలో కూర్చునేవారు. ఆ గది వేరే వాళ్లకు ఇచ్చేశారు. ఇప్పుడు బస్టాండు బల్లల మీద కూర్చుంటున్నారట.

“బస్టాండ్ల ఏడ్వరాదు ఆంటీ. ఏ బస్సు తప్పిపోయిందమ్మా అని అడుగుతరు” అంది తిరుమల.

నేను నవ్వలేకపోయాను. ప్రణతికి ఏమైందని అడిగాను. లోపలి మాట బయట చెప్పకూడదంది. అప్పుడు గడియ సంగతి చెప్పాను. ఆ పిల్ల మెల్లగా చెప్పింది.

మంగళవారం వచ్చి తల దువ్వుతానని ప్రణతి కిష్టవ్వకు మాటిచ్చింది. కాలేజీలో పరీక్ష ముందుకు జరిపారు, వెళ్లలేకపోయింది. మర్నాడు తెల్లారేసరికి కిష్టవ్వ లేదు. మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, అందరూ దూరంగా నిలబడతారు. పిట్ట ముడితే ప్రాణం తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. కిష్టవ్వ ముద్దను ఏ పిట్టా ముట్టలేదు. కొడుకు పేరు చెప్పారు, ఆమె పెంచిన మేకను అమ్మబోమని చెప్పారు. ఎండ ఎక్కింది. ఆఖరికి ఎవరో, తల దువ్వే పిల్ల కోసం చూసి చూసి పోయింది, ఆమె ప్రాణం ఆ పిల్ల మీదే ఉంది అన్నారు. కోడలు ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. తిట్టలేదట. ఏడ్చిందట.

నాకు కోపం వచ్చింది. నేను బీఎస్సీ చదివినదాన్ని. పక్క దొడ్లో మక్కజొన్నలు ఎండబోసి ఉంటే కాకి అటే పోతుందని ఇప్పుడే చెబుతానని లేచాను. టీ గ్లాసులు నా చేతిలోంచి తిరుమల తీసుకుంది.

“మీరు చెప్తే ఇంటది ఆంటీ. నమ్మది.”

పైకి వెళ్లింది. నేను మెట్ల కింద నిలబడకూడదు. నిలబడ్డాను. తిరుమల గొంతు వినిపించింది.

“నాకప్పజెప్పిన అంతయ్య తాత యాదికున్నడా? ఆఖరుకు నేను ఆయన తాన పోలే. పుండు వాసనకు భయమై పోలే. జరమొచ్చిందని మీకందరికి అబద్ధం చెప్పిన. పిట్టకు పెట్టిన్నాడు పోయి ఎనుక నిలబడ్డ. ముట్టద్దు, ముట్టద్దు అనుకున్న. ముట్టకుంటె నా తప్పు అందరికి తెలుస్తది, ఒడిశిపోతది అనుకున్న. ఆకు కింద పెట్టంగనే కాకి వచ్చి తిన్నది. మరి నా తప్పు మాఫైనట్టేనా? చెప్పు.”

పైన మంచం కిర్రుమంది. మళ్లీ తిరుమలే అంది.

“నువ్వు పరీచ్చ రాసెతందుకు పోయినవ్. నేను దాక్కున్న. నా తాతది ముట్టింది, నీ అవ్వది ముట్టలే. గా కాకిని నేనేమని నమ్మాలె?”

“గీ ముచ్చట నువ్వెన్నడు చెప్పలే” అంది ప్రణతి.

“ఎట్ల చెప్పాలె? మీరందరు మంచోళ్లాయె.”

ఆ తర్వాత వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. రెండు గొంతులూ ఉన్నాయి. నేను వంటింట్లోకి వచ్చి కుక్కర్ పెట్టాను.

రాత్రి భోజనానికి తిరుమలను ఉంచేశాం. పచ్చిపులుసు, పప్పు చేశాను. మా వారు ముందే మనసులో అనుకున్నట్టున్నారు, మర్యాదగానే మొదలుపెట్టారు. పిల్లలు చదువు చూసుకోవాలని, ఈ సేవలకు పెద్దవాళ్లు ఉన్నారని, ప్రణతి ఇక ఎటూ వెళ్లదని అన్నారు.

“రేపు కిష్టవ్వ ఇంటికి పోతున్న బాపు. తిరుమల వస్తది” అంది ప్రణతి. “ఆ అక్క ఒక్కతే ఉన్నది. పిట్ట ముట్టలేదని ఆమెకు సుత నిద్ర లేదట.”

మా వారు నావైపు చూశారు. నేను ప్రణతి కంచం వైపు చూశాను. అన్నం సగం అలాగే ఉంది. ఒక్క సాయంత్రం మాటలతో అన్నీ చక్కబడవని నాకు తెలుసు. వద్దంటే మళ్లీ పైన అడుగుల చప్పుడే. సరేనంటే ఆ ఇంట్లో ఏం విని వస్తుందో తెలియదు.

“పోనియ్యుండ్రి” అన్నాను. “ఇంకొక మాట. ఆదివారాలు వీళ్లు బస్టాండ్ల కూసునుడు వద్దు. మన పైగదిల కూసుంటరు. మనం ఎవ్వలం మెట్లెక్కద్దు. నేను సుత.”

మా వారు పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నారు. అత్తమ్మే అందుకుంది. “పైగదికి గడియ లేకపాయె. నలుగురు పిల్లలు మనసుల మాట చెప్పుకునే కాడ గడియ ఉండద్దా? ఎవలు తీయించిండ్రో ఏమో.”

వడ్డించే గరిటె నా చేతిలో ఆగింది. ప్రణతి తలెత్తి నన్ను చూసింది. గడియ ఎందుకు పోయిందో దానికి మొదటి రోజు నుంచీ తెలుసని అప్పుడు అర్థమైంది. నా కళ్ల మీంచి చూపు తిప్పుకోలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది.

“రేపు వడ్లాయనను పిలిపిస్త” అన్నాను. “గడియ పెట్టిస్త.”