నేలకి ఒక్కసారి తగిలిన బంతి

మలాకీ డూలన్ ఆ ఉదయం కాఫీలో రెండు చెంచాల ఉప్పు కలుపుకుని మొత్తం తాగేశాడు. అల్లుడు వాల్టర్ తన భార్య డీలియా వైపు చూశాడు. ఆ రోజు ఆటలో ముసలాయన తికమకపడితే, ఆయన్ని జిల్లా వృద్ధాశ్రమంలో చేర్చే కాగితం మీద ఆమె సంతకం పెట్టాలి. ముందు రోజు రాత్రే ఆ షరతుకి సరేనంది. ఎందుకన్నదో ట్రామ్ దిగేటప్పటికి కూడా ఆమెకే అంతుపట్టలేదు.

ట్రాయ్ పట్టణంలో ఆ శనివారం పాత బేస్‌బాల్ ఆటగాళ్ల పోటీ. పాతికేళ్ల కిందట జీతానికి ఆడినవాళ్లంతా వచ్చారు. మలాకీ అప్పట్లో బ్యాటర్ వెనక నిలబడి వట్టి చేతులతో బంతి పట్టేవాడు. ఆట మానేశాక చొక్కా కాలర్ల లాండ్రీలో ఇస్త్రీ పని. పది వేళ్లలో తిన్నగా మిగిలినవి మూడు.

"గ్లవుజు వేసుకో నాన్నా," అంది డీలియా.

"ఆ దిండా? పడుకునేటప్పుడు ఇవ్వు."

ఇంకొక్క అవుట్‌తో ఆట అయిపోతుందనగా, ఎదురు జట్టు యుటికా తరఫున గస్ ప్రెంటిస్ పొట్ట మోసుకుంటూ బ్యాటింగ్‌కి వచ్చాడు.

"ఇంకా పోలేదట్రా మలాకీ?"

"నిన్ను అవుట్ చేసి పోదామని ఆగాన్రా."

గస్ కొట్టిన బంతి గీత బయట పడి, ఒకసారి పైకి లేచింది. మలాకీ దాన్ని వట్టి చేతులతో ఒడిసిపట్టి, పైకెత్తి చూపించి, బెంచీ వైపు నడిచాడు. జనం నవ్వారు.

"తాతా, ఎక్కడికి? బంతి నేలకి తగిలింది, అవుట్ కాదు," అన్నాడు కుర్ర అంపైర్.

"ఒక్కసారేగా తగిలింది బాబూ."

"చూశావా?" అన్నాడు వాల్టర్, జేబులోంచి కాగితం తీస్తూ.

ఈలోగా గస్ కూడా బ్యాటు పడేసి వెళ్లిపోతున్నాడు.

"మీరెక్కడికండీ? మీరు అవుట్ కాలేదు."

"కాకపోవడమేంటయ్యా? నీ కళ్లముందే పట్టాడు."

డీలియా పక్కనున్న పెద్దాయన నవ్వలేదు. "గీత బయట బంతిని ఒక ఎగురు మీద పట్టినా అప్పట్లో అవుటేనమ్మా. పద్దెనిమిది వందల ఎనభై మూడులో ఆ నియమం తీసేశారు. వీళ్లిద్దరూ ఎనభై రెండులోనే మానేశారుగా."

ఇద్దరూ ఒకేలా పొరబడితే అది తప్పో కాదో డీలియాకి తేలలేదు. నేరుగా గస్ దగ్గరికి వెళ్లింది.

"ప్రెంటిస్ గారూ, మీరు కాఫీలో ఏం వేసుకుంటారు?"

"చక్కెర. ఏమ్మా, ఇంకేమన్నా వేసుకుంటారా?"

ఆమె తిరిగొచ్చి వాల్టర్ చేతిలోని కాగితం మడిచి అతని జేబులోనే పెట్టింది.

"సంతకం పెట్టను."

"మరి ఉప్పు సంగతి?"

"ఆ డబ్బా ఆయనకి అందకుండా పై అరలో పెడతాను."