గంగులమ్మ అన్న మాట

విందు గిన్నెలు తోముతున్న కెజియా మళ్లీ చేతులు తుడుచుకుని ఫోన్ చేసింది. షద్రకు తాతయ్య ఎత్తడం లేదు.

గుంటూరు జిల్లాలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. కెజియా ఆ ఇళ్ల పిల్ల. ఒమన్ దేశంలో సహం అనే ఊళ్లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. గల్ఫ్‌లో ఉన్న తమ ఆడవాళ్లు నలుగురైదుగురు శుక్రవారం సాయంత్రం, సబ్బాతు దీపాలు పెట్టబోయే ముందు ఫోన్‌లో కలుస్తారు. అప్పట్నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, అంటే నిప్పూ ఫోనూ ముట్టని విశ్రాంతి రోజు. ఒకరు ఒక మంచిమాట చెబుతారు. ఈ వారం కెజియా వంతు.

మాట సిద్ధంగానే ఉంది. "సబ్బాతుకు పొయ్యి ఆర్పేటప్పుడు నోట్లో నిప్పు కూడా ఆర్పాలి." ఎవరన్నారో మాత్రం గుర్తు రావడం లేదు. విన్న మాటను అన్నవాళ్ల పేరుతోనే చెప్పాలనీ, పేరు మింగేస్తే అది దొంగసొత్తేననీ తమ పెద్దలు చెప్పేవారు. చిన్నప్పుడు అక్షరాలు నేర్పిన తాతయ్యే అని ఉంటాడనుకుంది. అనుకుంటే చాలదు కదా. అక్కడ ఊళ్లో పొద్దు ఇక్కడికంటే ముందే గుంకుతుంది. దీపం పెట్టాక ఆయన ఫోన్ ముట్టడు.

"కెజియా, గహ్వా!" మేడమ్ కేకేసింది. కాఫీ పోస్తుంటే ధ్యాస ఫోన్ మీదే ఉండి పళ్లెంలో ఒలికింది. వంటింట్లోకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

"నాది కాదమ్మాయ్. గంగులమ్మ అంది, నా ఎదురుగానే," అన్నాడు తాతయ్య.

గంగులమ్మ తమ మతం మనిషి కాదు. ఒకప్పుడు అమ్మతో కలిసి మిరపచేలకు కూలికెళ్లేది. పంపు దగ్గర గొడవయ్యాక ఇద్దరికీ మాటల్లేవు.

"మీ పేరు ఒక్కటే చెప్పనా తాతయ్యా? నేర్పింది మీరేగా."

"నేర్పింది నేను. అన్నది ఆవిడ. ఇద్దరి పేర్లూ చెప్పు. ఉంటా, దీపాల వేళయింది."

కెజియా పెరట్లో అటూ ఇటూ తిరిగింది. అమ్మ చెల్లెలు, కువైట్‌లో ఉన్న రూతు పిన్ని కూడా వింటుంది. అయినా అందరూ ఫోన్‌లో కలిశాక ఇద్దరి పేర్లూ చెప్పి, ఆ మాట చెప్పింది.

"ఆవిడ పేరు మనకెందుకే? మీ అమ్మ వింటే ఊరుకుంటదా?" అంది పిన్ని.

"మాట తీసుకుని మనిషిని వదిలేస్తే ఎట్టా పిన్నీ?"

పిన్ని గొంతు తగ్గించి చెప్పింది. "ఆ గొడవరోజే అందే ఆ మాట. శుక్రవారం సాయంత్రం. అందరం అరుచుకుంటుంటే తనే ముందు ఆగి, 'మీ సబ్బాతు గదా' అంటూ చెప్పింది. మేమే వినలేదు." ఫోన్ కట్ అయింది.

శనివారం డ్యూటీ తప్పదు గానీ కెజియా ఫోన్ ముట్టదు. సబ్బాతు అయిపోగానే పిన్ని అమ్మకు ఎలా చెబుతుందో అన్న దిగులుతో కూరలో ఉప్పు మరిచిపోయింది. చీకటి పడగానే తానే అమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"అందరి ముందూ దాని పేరు చెప్పావా?"

"చెప్పానమ్మా."

"మంచిపని చేశావు," అంది అమ్మ. "ఆరోజు దాని మాట విననిది నేనే. ఇప్పుడు నేనేం చెయ్యాలే?"

"అడగాల్సింది నన్ను కాదమ్మా."

"ఉండు, ఫోన్ పెట్టెయ్యకు. దానింటికి పోదాం."

అవతల అమ్మ చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.