లక్క మీద ట్రంపెట్

ఎదురింటావిడ ఇస్త్రీ అతనితో అన్న మాటని అతను బట్టలతోపాటు మోసుకొచ్చి ఈ ఇంటి కోడలి చెవిన వేశాడు. "ముసలాయన ఆ బాకా ఊదితే వాళ్ళ పిల్లి గోడ దూకి పారిపోయేదటమ్మా. ఇప్పుడు మీరు ఆ గోలనే మళ్ళీ పళ్ళేల మీద చెక్కి బంగారం ధరకి అమ్ముతారట గదా!"

కోడలు నవ్వింది గానీ ఆ నవ్వు పళ్ళు దాటి లోపలికి పోలేదు. పాటని లక్క ప్లేటు మీద సన్నని గీతగా చెక్కి గ్రామఫోన్ రికార్డులకి అచ్చు తయారుచెయ్యడమే ఆమె పని. మామగారు వయసులో ఉండగా ట్రంపెట్‌కి కరెంటు తగిలించి, పెడల్ తొక్కుతూ వాయించిన జాజ్ ఆల్బం అప్పట్లో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడేమో రికార్డు పిచ్చోళ్ళు దానికోసం చెవి కోసుకుంటున్నారు. అప్పటి అసలు టేపు నుంచే చెక్కాలంది రికార్డు కంపెనీ. చిక్కల్లా ఆ టేపుతోనే. తిప్పినప్పుడల్లా గోధుమరంగు పొడి రాలుతోంది, ఇంకొక్కసారి తిరిగితే గొప్ప. పైగా మామగారి షరతొకటి: తన ఎదుటే చెక్కాలి, తను సరేనంటేనే రికార్డు బయటికి రావాలి.

పొద్దున ఆ టేపు నకలు వినిపిస్తే ఆయన మొహం ముడిచారు.

"ట్రెబుల్ పెంచమ్మా, పైస్వరాలకి పదును చాల్లేదు. నా ట్రంపెట్‌కి దుప్పటి కప్పినట్టుంది."

దుప్పటి పాటకి లేదు, ఆయన చెవులకుంది. అంత పెంచితే చెక్కే ముల్లు వెనకున్న సన్నని తీగచుట్ట కాలిపోతుంది. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, మాట వినని అతిథుల కోసం ఆ వృత్తివాళ్ళు దాచి ఉంచుకునే డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. దానికో మీట, ఓ ఎర్రదీపం. లోపల ఏ తీగా దేనికీ కలవదు.

"ఇదిగో మామయ్యా, ట్రెబుల్ మీ చేతికే ఇచ్చేశాను."

ఆయన కాస్త తిప్పి తలూపారు. "ఆఁ, ఇప్పుడు ప్రాణం వచ్చింది."

లక్క పూసిన ప్లేటు తిరిగింది, ముల్లు దిగింది. నల్లటి పీచు దారంలా లేస్తుంటే గొట్టం పీల్చుకుంటోంది. ఆమె భర్త టేపు పక్కన బ్రష్షు పట్టుకుని పొడి తుడుస్తున్నాడు. ఇప్పుడు అసలు మీటల్లో ఏది కదిలినా ప్లేటూ పోతుంది, టేపూ పోతుంది. అందుకే ఆ గదిలో దగ్గనివ్వదామె ఎవర్నీ.

ట్రంపెట్ పైస్వరానికి ఎక్కింది. మామగారు నెమ్మదిగా చెయ్యి చాచి మీటని ఆ చివరిదాకా తిప్పేశారు.

"నాన్నా! ప్లేటు పోతుంది!" డబ్బా గుట్టు తెలియని కొడుకు అరిచాడు.

కోడలు ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు, ఉలిక్కిపడలేదు. మీట నిజందైతే ఉలిక్కిపడాల్సిందని తట్టేసరికి, ఆయన తననే చూస్తున్నట్టు కంటికొసకి తెలిసింది. ఇంకా పావు ప్లేటు మిగిలే ఉంది. ఆపడానికి లేదు, తలెత్తడానికీ లేదు. ఆయన మీట వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

చివరి స్వరం ముగిసింది, ముల్లు లేచింది. ప్లేటు మీద గీత ఒక్కటీ చెడలేదు.

"మామయ్యా... సరేనా?"

"సరే అనడానికి నేనేం విన్నానని? చెవుడొచ్చిందని నా మొహాన చెప్పడానికి నీకు నోరు రాలేదు గానీ, వెర్రివాణ్ణి చెయ్యడానికి మాత్రం చెయ్యి బాగానే వచ్చింది."