కెమెరాకి నేర్పిన నేల

జకార్తా షాపింగ్ మాళ్ళలో ఆరేళ్ళు నలిగిన బుర్ర వెనింగ్‌ది. నేలమీద వెలుగు చేపల్ని వదలడం, పిల్లకాయలు తొక్కబోతే అవి చెదిరి పారిపోయేలా చెయ్యడం, అదీ ఆమె విద్య. పైన కెమెరా వేలాడుతుంది. కింద మనిషి ఎటు కదిలితే బొమ్మ అటు కదులుతుంది. మాల్‌లో నిలకడగా నిలబడే మనిషంటూ ఉండడు కాబట్టి ఆ విద్యకి ఏనాడూ లోటు రాలేదు.

సురకర్తాలో అందరూ ఇబు, అంటే అమ్మ, అని పిలిచే రుమియాతి నాట్యం పని తగిలాకే వచ్చింది లోటు.

బెడొయొ అనే ఆ రాజాస్థానపు నాట్యం తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఆడాలి. ఇబు జట్టులో ఆరుగురు పోయారు, ఒకామెకి మతి లేదు, ఇంకొకామె మలేసియాలో కూతురి పంచన ఉంది. అరవై తొమ్మిదేళ్ళ ఇబు ఒక్కతే మిగిలింది. ఆ ఎనిమిదిమందినీ వెలుగు నీడలుగా ఆవిడ చుట్టూ నిలబెడదామన్నది ఉత్సవం నడిపే దనార్ ఆలోచన.

"ఇంకొక్కసారి తొమ్మిదిమందిలో నిలబడి ఆడితే చాలు నాకు," అంది ఇబు.

ఆ మాట పట్టుకుని వెనింగ్ రెండు నెలలు అద్దెగదిలో కంప్యూటర్‌తో తప్ప మనిషితో మాట్లాడలేదు. అన్నం తెచ్చిచ్చే కుర్రాడికి థాంక్స్ చెప్పబోతే గొంతు పెగిలేది కాదు.

పాత పెండొపొలో మొదటి రిహార్సల్. గోడల్లేని ఆ పెంకుల హాలు నడిమధ్య ఇబు పైట కొస పట్టుకుని నిలబడింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నీడలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"ఏమైంది? కరెంటా?" అన్నాడు దనార్.

"కాదన్నా. కదలకుండా ఉన్నదాన్ని కెమెరా కాసేపటికి నేలకింద జమకట్టేస్తుంది. మాల్‌లో పూలకుండీ జరిపితే దాన్ని మనిషనుకోకూడదు కదా, అందుకని నేనే పెట్టా."

"ఐతే ఇబుని కాస్త ఒళ్ళు కదపమను."

ఇబు చెవులు పాము చెవులు. "ఎందుకు నాయనా, నడుం కూడా తిప్పనా? డాంగ్‌డుట్ పాటకి గంతులేసే పిల్లని పిలుచుకో, చవగ్గా వస్తుంది." తర్వాత వెనింగ్ కేసి తిరిగింది. చిన్నపిల్లల్ని పిలిచినట్టే పిలుస్తుంది ఆవిడ. "న్డుక్, నేను కదలడం లేదని నీ డబ్బాకి ఎవరు చెప్పారు?"

వెనింగ్ సిగ్గుపడింది. కెమెరా మరుపుని పూర్తిగా తీసేసింది. ఇక ఖాళీ నేలని ఒక్కసారి చూపిస్తే చాలు, దానిమీదికి కొత్తగా వచ్చిందేదైనా మనిషికిందే లెక్క, ఎంతసేపు నిలబడినా సరే.

రెండో రిహార్సల్లో ఎనిమిదిమందీ నిలిచారు. దనార్ చప్పట్లు కొట్టాడు. ఇబు మొహం మాత్రం వాడింది.

"నేను చెయ్యెత్తితే ఎత్తుతున్నారు, దించితే దించుతున్నారు. మా జట్టులో సుతినా ఎప్పుడూ ఒక పిసరు ఆలస్యంగా తిరిగేది. గురువుగారి చేత అందరికీ తిట్లు తినిపించేది, దొంగముండ. వీళ్ళలో అది లేదు న్డుక్. అందరూ నేనే."

వెనింగ్ ఒక నీడని అర సెకను వెనక్కి జరిపి చూపించింది.

"ఇది ఆలస్యం కాదు, నత్తి," అంది ఇబు.

శనివారం సాయంత్రం ప్రదర్శన. జనం గేటు దగ్గర తోసుకుంటున్నారు. "ఇంకెంతసేపు? వదిలేస్తున్నా వాళ్ళని!" చెవిలో దనార్ గోల. వాద్యాల వెనక చీకటి మూలలో కూర్చున్న వెనింగ్ తెర చూసింది. పైనించి తీసిన బూడిదరంగు నేల, మధ్యలో నల్లటి ముద్ద. నాట్యానికి ముందు పెట్టే పూల పళ్ళెం కాబోలు అనుకుంది. పళ్ళెం ఎలాగూ అక్కడే ఉంటుంది, అదీ నేలలో భాగమే. ఇదే ఖాళీ నేల అని కెమెరాకి చెప్పే మీట నొక్కింది.

అది పళ్ళెం కాదు. ఇబు. నల్లచీర కట్టి, తలవంచి, నేలకి దణ్ణంపెట్టుకుంటూ కూర్చుంది. పాతకాలం నర్తకులు అలా కూర్చోనిదే అడుగు వెయ్యరు. కాసేపటికి లేచి లోపలికి పోయింది.

గంటల వాద్యం మొదలైంది. ఇబు వచ్చింది, చుట్టూ ఎనిమిది నీడలు వచ్చాయి. నడిమధ్యన ఇంకొకటి వెలిగింది, తలవంచి కూర్చుని ఉంది.

వెనింగ్‌కి అర్థమైంది. అక్కడ ఇబు కూర్చున్న నేలే అసలు నేల అని కెమెరాకి నేర్పింది తనే. ఇప్పుడు ఆ చోటు ఖాళీ అయ్యేసరికి, ఆ ఖాళీనే మనిషంటోంది.

"ఎవరది? తీసెయ్!" అన్నాడు దనార్.

తియ్యాలంటే నేలని మళ్ళీ నేర్పాలి. ఇప్పుడు నేర్పితే ఇబు కూడా నేలలో కలిసిపోతుంది.

ఇబు దాన్ని చూసింది. చెయ్యెత్తింది. ఎనిమిది చేతులు లేచాయి, కూర్చున్నది కదల్లేదు. ఇబు తిరిగింది, ఎనిమిదీ తిరిగాయి, అది తిరగలేదు. ఆవిడ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. రిహార్సల్లో లేని అడుగులతో దాని చుట్టూ నడిచింది, పైట కొస దానిమీదికి విసిరింది. పెదాలు కదులుతున్నాయి, ఎవర్నో తిడుతున్నట్టు.

వెనింగ్ ఎనిమిది నీడల్నీ మెల్లగా ఆర్పేసింది. చెవిలో దనార్ బూతులు తిడుతుంటే ఇయర్‌ఫోన్ పీకి పక్కన పెట్టింది. ఆఖరిదాకా నేలమీద ఇద్దరే.

జనం పోయాక ఇబు వచ్చింది. ఇంకా ఆయాసం తగ్గలేదు.

"న్డుక్, ఎవరది? సుతినా వీడియో ఎక్కడన్నా దొరికిందా?"

అవునందామని నాలుకదాకా వచ్చింది. చుట్టూ నీడల్ని పెట్టి ఆవిణ్ణి ఇప్పటికే ఒకసారి మోసగించింది.

"ఎవరూ కాదు ఇబు. ముందు మీరు కూర్చున్నారే, ఆ చోటు. మీరు లేచిపోయారని కెమెరాకి తెలీదు."

ఇబు తల్లో పిన్నులు ఒక్కొక్కటే తీసుకుంది. వెనింగ్ సాయానికి చెయ్యి చాపితే అక్కర్లేదన్నట్టు తలాడించింది.

"అదీ నేనేనన్నమాట."

"రేపటి ఆటకి సరిచేస్తాను. ఎనిమిదిమందినీ మళ్ళీ..."

"వద్దులే," అంది ఇబు, ముడి విప్పిన జుట్టు ఒక చేత్తో పట్టుకుని. "నీ దీపాలన్నీ తీసెయ్. రేపు నేనొక్కదాన్నే ఆడతా."