చీకటిరాయుడి వరస

"సిన్నాన్నే!" అన్నాడు సూరన్న, వల కుట్టే సూదిని గాల్లోకి ఎత్తి. "కాకపోతే నా మీసం తీయించేసుకుంటాను."

"మంగలోడెందుకు మావా, ఉప్పుగాలికి అదే రాలిపోతంది," అంది చిట్టమ్మ, చేపల తట్ట మీద నీళ్ళు చల్లుతూ. "ఆడు మేనమావ. నా మాట రాసిపెట్టుకో."

చేపల రేవులో ఐసు షెడ్డు పక్కన శనివారం మధ్యాహ్నం జరుగుతున్న ఈ తగువులో చిన్నాన్నా, మేనమామా ఇద్దరూ ఈ భూమ్మీద వాళ్ళు కారు. ‘తీరవాణి’ వారపత్రికలో ఏడాదిగా ‘ఏడు సూర్యుల రాజ్యం’ అనే సీరియల్ వస్తోంది. అందులో విలను చీకటిరాయుడు. ముసుగు తియ్యడు, పేరు చెప్పడు. గ్రహాల మీద ఆగ్రహమే గాని అనుగ్రహం ఎరగడు. ఉక్కు సింహాసనం చేతి మీద ఉంగరం వేలితో టక్ టక్ టక్‌మని కొట్టి ‘సర్లే’ అన్నాడంటే ఎక్కడో ఒక గ్రహం బూడిదైపోయిందన్న మాటే. ఆ ముసుగు వెనక ఉన్నది రాకుమారుడు అరుణాంశుకి ఏదో దగ్గర చుట్టమని మాత్రం కథలో ఒక జోస్యుడు చెప్పాడు. ఏం చుట్టమో చెప్పేలోగా వాడి గ్రహం కూడా బూడిదైంది. రేపొచ్చే సంచికతో కథ ఆఖరు. ముసుగు ఊడేది రేపే.

రేవులో చదువొచ్చినవాడు పైకి చదువుతాడు, మిగతావాళ్ళు పైపైకొచ్చి అరుస్తారు. వారం వారం అదే వరస.

ఈ గోలకి రెండడుగుల దూరంలో, వంజరం చేప బేరమాడుతున్నట్టు నటిస్తూ, పొట్ట మీద చేతిసంచీ ఆనించుకుని నిలబడిన పెద్దమనిషి పేరు గురునాథరావు. పోర్టు ఆఫీసులో గుమాస్తా. ‘నభశ్రీ’ అనే కలంపేరుతో ఆ సీరియల్ రాస్తున్నది ఆయనే. రేవులో ఎవరికీ తెలీదు. పేరుని బట్టి ఎవరో కాలేజీ అమ్మాయి అనుకుంటున్నారు. శనివారాలు ఆయన ఇక్కడికొచ్చేది చేప కోసం కాదు, తన కథకి ఎంతమంది గాలానికి చిక్కారో చూసుకోడానికి.

"మేనమావకి ఏటి పని?" అన్నాడు సూరన్న. "సింహాసనం కోసం కదా తగువు! వాటాల తగువు తండ్రి తమ్ముడికుంటాది గాని, తల్లి అన్నకి ఏటుంటాది? నా సిన్నాన్న నా పడవ పట్టుకుపోనేదా?"

"నీ పడవ గొడవ ఒగ్గేయ్. ఆ గుంట తారావళి ఎవుల కూతురు?"

"సీకటిరాయుడి కూతురు."

"దీపావళి సంచికలో అరుణాంశూ ఆ పిల్లా ఏటి సేసారు?"

"సుక్కల దండలు మార్సుకున్నారు."

"మరి ఆ రాయుడు సిన్నాన్నయితే, ఈ పిల్ల ఆడికి ఏటవుద్ది మావా?"

సూరన్న సూది గాల్లోనే ఆగిపోయింది. పక్కన తాడు చుట్టుతున్నవాళ్ళ చేతులూ ఆగాయి.

"ఓలమ్మో... సెల్లెలు!" అన్నారు ఎవరో.

"మేనమావయితే మరదలు. సక్కగా వరస కుదురుతాది. సెల్లెలికి దండేయించే రాత ఏ మడిసైనా రాత్తాడా? ఆ నభశ్రీకి అన్నదమ్ములు నేరేటి? అలగ రాత్తే ఆ పుస్తకం నా సేపలు సుట్టడానిక్కూడా పనికిరాదు!"

అందరూ నవ్వారు. సూరన్న కూడా మీసం తడుముకుంటూ నవ్వేశాడు. గురునాథరావు నవ్వబోతే నవ్వు రాలేదు.

ఎందుకంటే, ఆయన సరిగ్గా అలాగే రాశాడు. నిన్న సాయంత్రమే రాసి ప్రెస్సులో ఇచ్చాడు.

"ఏటి బాబూ, అలగ సూత్తన్నారు? సేప కావాలా వద్దా?" అంది చిట్టమ్మ.

చిట్టమ్మ చేతిలో ఎంత పెట్టాడో చూసుకోలేదు. చేప సంచీలో పడిందో లేదో, గురునాథరావు రోడ్డు మీద పడ్డాడు.

ఈ పొరపాటు వెనక ఒక పాత మంట ఉంది. రెండేళ్ళ కిందట ఆయన తన కొడుకు అర్జునరావుకి, భార్య గౌరీశ్వరి అన్నగారి కూతురు వరహాలుని అడిగాడు. అర్జునరావు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట సూపర్‌వైజరు, గాజువాకలో గది తీసుకుని ఉంటున్నాడు. వరహాలు అప్పటికింకా బీయే చదువుతోంది. ఆదివారం వస్తే ఆ గాజువాక బస్సు మేనమామ ఇంటి మీదుగానే ఎందుకు వెళ్ళాలో రెండిళ్ళలోనూ అందరికీ తెలుసు. మేనమామ గంగాధరరావుకి వన్ టౌన్లో ప్రెస్సుంది, ‘తీరవాణి’ ఆయనదే. సంబంధం మాట ఎత్తగానే ఆయన పగడపుటుంగరంతో టేబుల్ మీద టక్ టక్ టక్‌మని కొట్టి, "సర్లే, సూద్దాం," అన్నాడు. అన్నవాడు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

గురునాథరావు కడుపు మండింది. కడుపులో మంట కలంలోకి దిగితే చీకటిరాయుడు పుట్టాడు. సొంత బావని విలన్ చేసి, ఆ బావ పత్రికలోనే అచ్చు వేయించి, అచ్చుగుద్దినట్టున్నాడే అని వారం వారం చాటుగా నవ్వుకున్నాడు.

తీరా పోయిన నెలలో గంగాధరరావు తనంతట తనే వచ్చి, పిల్లనిస్తానన్నాడు. వచ్చే గురువారం నిశ్చితార్థం. అప్పట్నించి గురునాథరావుకి నిద్ర లేదు. ముసుగు తీసేసరికి లోపల మేనమామ ఉంటే, ఆ ఉంగరం ఎవరిదో బావ పోల్చుకోడూ? పోల్చుకుంటే పిల్లనిస్తాడా? అందుకని నిన్న కంగారులో మేనమామని కొట్టేసి చిన్నాన్నని పెట్టాడు. బయట పెళ్ళిని కాపాడాననుకుని, కథలో పెళ్ళికొడుకుని పెళ్ళికూతురికి అన్నని చేశాడు.

అలాగే అచ్చయితే ఊరు ఉమ్మేస్తుంది, పత్రిక మునుగుతుంది. ముంచినవాడి కొడుక్కి బావ పిల్లనివ్వడు. మారిస్తే బావకి తెలిసిపోతుంది. అప్పుడూ ఇవ్వడు. ఏడు సూర్యుల్ని వెలిగించినవాడికి ఇప్పుడు ఒక్క దీపం కనబడటం లేదు.

ప్రెస్సుకి ఎక్కిన ఆటో, రైలు గేటు దగ్గర ఆగిపోయింది. ఇనప ఖనిజం గూడ్సు పోర్టులోకి పోతోంది. పోతోంది, పోతోంది, పోతూనే ఉంది. ఎర్రదుమ్ము కళ్ళలో పడుతోంది. జీవితమంతా పోర్టుకి ఊడిగం చేసినవాడికి అవసరానికి పోర్టు సపోర్టు చెయ్యలేదు.

"బేగి పోనీ బాబూ!" అన్నాడు డ్రైవరుతో.

"గూడ్సు కింద నుంచి పోనిమ్మంటారేటి?" అన్నాడు డ్రైవరు, బీడీ తీస్తూ.

శనివారం సాయంత్రం మిషనెక్కితే పత్రిక ఆదివారం పొద్దునకల్లా రేవుకొచ్చేస్తుంది. ఆఖరి పెట్టె దాటిపోయేసరికి గురునాథరావు చొక్కా పిండుకునేలా ఉంది.

వన్ టౌన్ సందు మొదట్లోనే ఆటో దిగి పరిగెత్తాడు. మామూలుగా శనివారం సాయంత్రం ఆ సందులోకి అడుగు పెడితే మిషను చప్పుడు కాళ్ళకి తగులుతుంది. ఇవాళ తగల్లేదు. ఆయన ప్రాణం లేచొచ్చింది. ప్రెస్సు గుమ్మంలో ఫోర్‌మన్ దాలయ్య ముఖం చూశాక, లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడింది.

"మిషనెక్కలేదా దాలయ్యా?"

"ఎక్కించాం బాబూ. ఓనరు గోరు ఆపించేసారు." దాలయ్య గొంతు తగ్గించాడు. "పొద్దున్న మీ పేజీ ప్రూఫు సదివారు. అప్పుడ్నించి గదిలోనే కూకున్నారు. టీ పంపితే టీ అలగే ఉంది. టక్ టక్ టక్‌మంటన్నారు గాని, సర్లే అనడం నేదు."

లోపల్నించి వినబడింది. టక్. టక్. టక్.

"ఎందుకంటావు?" అన్నాడు గురునాథరావు, పెదాలు తడుపుకుని.

"నానేటి సెప్తాను బాబూ. సీకటిరాయుడెవులో మాకు మూడో వారంలోనే తెల్సిపోనాది. అక్షరాలు పేర్చినోళ్ళం కదా."

"ఆయనకి?"

"ఉంగరం ఆయన ఏలికే ఉంది కదా బాబూ!"

ఈ ఏడాదంతా గురునాథరావు ముసుగేసింది చీకటిరాయుడికి కాదు, తన కళ్ళకి. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది. సంచీలో వంజరం వాసన వేస్తోంది. చిట్టమ్మ మాట చెవిలో మోగుతోంది. ఎలాగూ బయట పెళ్ళి పోయేటట్టుంది, కనీసం ఆ కథలో పిల్లల పెళ్ళయినా నిలబెడదామనుకున్నాడు. అక్షరాల పెట్టెల పక్కన నిలబడి, దాలయ్య పెన్సిలు తీసుకుని, ఆఖరి పేజీ మళ్ళీ రాశాడు. ముసుగు జారింది. ‘నేను నీ తల్లికి అన్నని’ అన్నాడు చీకటిరాయుడు. ఆ తర్వాత, ముందు రాసినట్టే, అగ్నిగోళంలో దూకి చచ్చిపోయాడు.

ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

గంగాధరరావు తలెత్తలేదు. ముందు ప్రూఫు పరిచి ఉంది. ఉంగరం వేలు దాని మీదుంది.

"కూకో బావా," అన్నాడు. గొంతు ఎప్పటిలా గట్టిగా లేదు. "గురువారం ఎవులూ రానక్కర్నేదు. గౌరికి నానే కబురంపుతాను."

గురునాథరావు కుర్చీ అంచు పట్టుకున్నాడు. "బావా, అది ఉత్త కథ! ఆ ఉంగరం అలంకారానికి పెట్టాను..."

"అలంకారానికా, నా అహంకారానికా?" గంగాధరరావు తల ఊపాడు. "మూడో వారంలోనే తెల్సింది. అన్నం తినడానికి కూకుంటే మీ సెల్లెలు, ఇవాళ ఏ గ్రహం మింగుతారంటాది. నాను బల్ల మీద సెయ్యెడితే సాలు, వరహాలు సర్లే సర్లే అనుకుంటా నవ్వి పారిపోతాది."

"తెలిసి... తెలిసి ఎందుకు అచ్చేశావు?"

"అమ్ముడవుతంది బావా!" అని కసిరాడు గంగాధరరావు. "విలన్నయినందుకు నాకు కోపం నేదు. రెండేళ్ళ కిందట నువ్వు పిల్లనడిగితే నాను సూద్దాం అన్నాను. ఎందుకన్నానో అడిగావా? దాని సదువవ్వాలి, దాని నోటితో అది అవుననాలి అనుకున్నాను. నువ్వు అడగనేదు. ఇంటికెళ్ళి కథ రాసేసావు. సర్లే అనుకున్నాను. గాని, ఇదేటి?" ప్రూఫు మీద వేలితో కొట్టాడు. ఈసారి ఒక్కటే టక్. "నాను రాయుణ్ణని ఇంట్లో, ప్రెస్సులో అందరికీ తెల్సు. తారావళి నా కూతురనీ తెల్సు. ఆఖరి వారంలో నన్ను సిన్నాన్నని సేసి, నా కూతుర్ని నీ కొడుక్కి సెల్లెల్ని సేసావు. ఈ సమ్మందం నాకొద్దు అని మొహమ్మీద సెప్పడానికి నోరు రానేదా? పత్రికలో సెప్పాలా? అదీ నా పత్రికలో?"

గురునాథరావు ఊహించని అర్థం ఒకటి ఆయన రాతలోంచి లేచి నిలబడి ఆయన కొడుకు పెళ్ళి పీక నొక్కుతోంది.

"ఒట్టు బావా! నువ్వు పోల్చుకుంటావన్న భయంతో నిన్న మార్చాను. మేనమామని చిన్నాన్న చేస్తే నువ్వు తప్పుకుంటావనుకున్నాను. వరస తప్పుతుందని తట్టలేదు. ఇప్పుడు రేవులో చేపలమ్మి నవ్వితే తెలిసింది. నేను నీ పిల్లని కాదనడమా? దాన్ని కాదని వాడికి ఎవర్ని తెస్తాను? ఇదిగో, చూడు!"

పెన్సిలు కాగితం బల్ల మీద పెట్టాడు. గంగాధరరావు కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. గుమ్మం దగ్గర దాలయ్యా, అతని వెనక కంపోజిటర్లూ ఊపిరి బిగబట్టారు. ఒకసారి చదివాడు. మళ్ళీ మొదటికెళ్ళాడు. వేలు బల్ల మీదికి లేచింది. గురునాథరావు గుండె కూడా దానితోపాటే లేచింది. వేలు మధ్యలో ఆగి, కిందికి దిగకుండా కాగితం అడుగుభాగాన్ని చూపించింది.

"ఇలగ కుదర్దు," అన్నాడు.

"మళ్ళీ ఏమైంది బావా?"

"మేనమావని సేసావు, బాగుంది. పిల్ల తండ్రిని సేసావు, బాగుంది. అగ్గిలో దూకించి సంపేసావేటి? ఈడు సచ్చిపోతే పీటల మీద అల్లుడి కాళ్ళు ఎవులు కడుగుతారు? నువ్వా?"

గుమ్మం దగ్గర కంపోజిటర్లలో ఎవరో కిసుక్కుమన్నారు. గురునాథరావు కళ్ళు తుడుచుకున్నాడు. ఎర్రదుమ్ము ఇంకా పోలేదు.

"పెన్సిలు తీసి సెప్పింది రాయి," అన్నాడు గంగాధరరావు కుర్చీ దగ్గరికి జరుపుకుని. "మూడు లోకాలు మింగినోడు ముసుగు తీసేసి, పీట ముందు కూకుని, మేనల్లుడి కాళ్ళు పళ్ళెంలో పెట్టాడు. రాసావా? దాలయ్యా, ఆ పేజీ అక్షరాలిప్పేయ్! రాత్రి అచ్చయినా పరవానేదు. ఆ సంచీలో ఏటి బావా, ప్రెస్సంతా కంపు కొడతంది?"

"వంజరం."

"ఎవులన్నా ఇంటికట్టుకెళ్ళి మీ అమ్మగోరికివ్వండి, పులుసెట్టమనండి. బావ ఇక్కడే తింటాడు." మళ్ళీ కాగితం మీదికి వంగాడు. "గాని, ఒకటి. ఆ గ్రహం మీద అన్నీ నువ్వే ఎండగట్టేసావు కదా, కాళ్ళు కడగడానికి నీళ్ళెక్కడియ్యి?"

గురునాథరావు పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "వైజాగ్ నుంచి తెప్పించనా?"

"ఇక్కడ కుళాయి నీళ్ళే రోజు ఇడిసి రోజొత్తన్నాయి," అన్నాడు గంగాధరరావు. "పెళ్ళి నీళ్ళొచ్చే రోజునెట్టుకోమను."