ఇంగ్లీషులో లేని చుట్టరికం

మా తోడికోడలు దీక్షిత పేరు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకని అడిగితే చెప్పడానికి పెద్ద కారణమేమీ దొరకదు. దొరకనందుకు ఇంకా మండుతుంది.

మా అత్తగారు నూకాలమ్మగారు సింగపూర్‌లో, పాసిర్ రిస్ పేటలో మా ఫ్లాట్‌లోనే ఉంటారు. వేళకి ఇంత వండి పెట్టేది నేను, క్లినిక్‌కి తీసుకెళ్ళేది నేను. ఆదివారం మధ్యాహ్నం చిన్నకోడలు కాస్త ముస్తాబై వచ్చి కూర్చుంటే చాలు, "నువ్వొస్తేనే ఈ ఇంట్లో నవ్వు వినపడతాదే అమ్మా" అంటారు. నవ్వడానికి తీరిక ఉండొద్దూ?

నేనొక టౌన్ కౌన్సిల్‌లో, అంటే పేట బాగోగులు చూసే ఆఫీసులో, హెచ్ఆర్ చూస్తాను. మా సిబ్బంది వైద్య బీమా, మిగతా సదుపాయాలు చూసిపెట్టడానికి ఈ ఏడాది కొత్త బ్రోకర్‌ని పెట్టుకోవాల్సి వచ్చింది. బీమా కంపెనీలతో బేరమాడటం, మాకు సలహాలివ్వడం వాళ్ళ పని. ముందుకొచ్చిన సంస్థల్లో దీక్షిత పనిచేసేది కూడా ఉంది. వాళ్ళు గెలిస్తే మాకు సలహాదారు తనే. ఇంట్లో ఆదివారాలు చాలనట్టు ఆఫీసులో కూడా ఆ నవ్వుమొహమే చూడాలి. మా బాస్ మేడమ్ లిమ్ కూడా, పదేళ్ళుగా నన్ను అడిగేవాటికల్లా "దీక్షితని అడుగుదాం" అనడం మొదలుపెడుతుంది. అది మాత్రం జరగనివ్వకూడదనుకున్నాను.

మార్కులేసి బ్రోకర్‌ని ఎంపిక చేసే నలుగురిలో నేనూ ఉన్నాను. మేడమ్ లిమ్, ఫైనాన్స్ నుంచి రోహానా, కాంట్రాక్టులు చూసే సెల్వి మిగతా ముగ్గురు. ఈ నలుగురూ ఎవరన్నది బయటికి చెప్పరు. మొదటి మీటింగ్‌లోనే మేడమ్ లిమ్ అందరినీ చూస్తూ అడిగింది, ఆ సంస్థల్లో మీ చుట్టాలెవరైనా పనిచేస్తున్నారా, ఉంటే ఇప్పుడే చెప్పి తప్పుకోండి అని.

నేను నోరు విప్పలేదు. సిస్టర్ అందామా, కాదు. సిస్టర్-ఇన్-లా అంటే ఆడపడుచో, వదినో, మరదలో. తోడికోడలికి ఇంగ్లీషులో మాటేది? మనవాళ్ళు కో-సిస్టర్ అంటారుగానీ, ఇక్కడే పుట్టిన మా అమ్మాయి అనన్య ఆ మాట వింటే ఇక్కడి యాసలో "మమ్మీ, నాట్ ఎ వర్డ్ లా" అని పడీపడీ నవ్వుతుంది. మాటే లేని చుట్టరికాన్ని నేనెలా చెప్పను? అలా నాకు నేనే సర్దిచెప్పుకుని, దీక్షితకి వేయబోయే సున్నాని తలుచుకుంటూ హాయిగా కూర్చున్నాను.

ప్రెజెంటేషన్ రోజు తను లోపలికొచ్చింది. నేతచీర, చేతిలో లాప్‌టాప్. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. మరుక్షణం ఆ నవ్వు నవ్వేసింది.

"స్టార్ట్ చేసేముందు ఒక విషయం చెప్పాలి మేడమ్. సూర్యకుమారిగారు మా అక్క."

"యువర్ సిస్టర్?" అంది మేడమ్ లిమ్.

"నో నో, సిస్టర్ కాదు!" అని లేచినంత పని చేశాను. "మా ఆయన తమ్ముడి భార్య. ఇంగ్లీషులో దానికి మాట లేదు మేడమ్. అందుకే చెప్పలేదు."

మేడమ్ లిమ్ కళ్ళద్దాలు తీసింది. "ఐయో, జౌలి లా!" అంది, చైనీస్‌లో తోడికోడలన్నమాట.

"బిరాస్," అంది మలయ్‌లో రోహానా.

"ఓరకత్తి," అంది తమిళంలో సెల్వి, చివర్లోని కత్తి నాకు బాగా వినపడేట్టుగా.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో వాళ్ళ వాళ్ళ తోడికోడళ్ళు కనబడ్డారు నాకు. ఈ దేశానికి నాలుగు భాషలుంటే మూడింట్లో ఆ మాట ఉంది. నేను వెళ్ళి దాక్కున్నది నాలుగోదాంట్లో.

దీక్షితని బయట కూర్చోమని, మేడమ్ లిమ్ నావైపు తిరిగింది. ఆమె గొంతు మారింది.

"సూర్యా, ఆమెకి హెల్ప్ చేద్దామని దాచావా? అదే నిజమైతే వాళ్ళ కంపెనీని ఇప్పుడే పక్కన పెట్టేస్తాం. నీ సంగతి పైవాళ్ళు చూస్తారు."

అవునంటే చాలు. నాకో హెచ్చరిక వస్తుందేమో, దీక్షిత పీడ మాత్రం విరగడైపోతుంది. నేను కోరుకున్నది అరచేతిలోకొచ్చి కూర్చుంది. కానీ దీక్షిత మీద ప్రేమతో నేను మాట పడ్డానని ఈ ముగ్గురూ అనుకోవడమా? ఇంటిదాకా ఆ కబురు పోవడమా?

"హెల్పా? నేనా?" అన్నాను. "సున్నా వేద్దామని కూర్చున్నాను!"

రోహానా నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుంది. మేడమ్ లిమ్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"అది నమ్ముతాను," అంది. "నాకూ ఒక జౌలి ఉంది. నువ్వు ఈ ప్యానెల్లో లేవు. ఇది నేను పైకి రాయక తప్పదు. వాళ్ళ కంపెనీ మాత్రం పోటీలో ఉంటుంది. వెళ్ళి ఆమెని పంపించు."

బయట కారిడార్‌లో దీక్షిత గబుక్కున లేచి నిలబడింది. "ఏమన్నారక్కా?"

"నన్ను తీసేశారు. నిన్ను రమ్మంటున్నారు. సంతోషమా? పెద్ద సత్యవంతురాలివి కదా, రాగానే చెప్పేశావు."

"సత్యమేంటక్కా," అంది తను. మొట్టమొదటిసారి ఆ మొహంలో నవ్వు లేదు. "మీరు మార్కులేస్తే నాకొచ్చేది సున్నా అని తెలీదా నాకు? అందుకే మిమ్మల్ని చూడగానే చెప్పేశాను. మీ ప్లేస్‌లో నేనున్నా అదే వేసేదాన్ని."

"నా మీద కుళ్ళా నీకు? నా దగ్గరేముందని?"

"అత్తయ్యగారున్నారుగా. మా ఇంటికి రమ్మని ఎన్నిసార్లు బతిమాలానో మీకు తెలీదు. ఒక్క రాత్రి ఉండరు. పెద్దది పక్కగదిలో లేకపోతే నాకు నిద్రపట్టదే అంటారు. నేనొచ్చినప్పుడల్లా మీ గొప్పే చెప్తారు నాకు. ఆ మాటలు వింటూ నవ్వుతూ కూర్చోవాలి నేను."

లాప్‌టాప్ సర్దుకుని తలుపు తోసుకుని లోపలికెళ్ళిపోయింది. తలుపవతల మేడమ్ లిమ్ ఆమెని ఆదరంగా పలకరించడం వినబడింది.

ఇన్నేళ్ళలో మా అత్తగారు నాతో అలాంటి మాట ఒక్కటీ అనలేదు. నా గురించి అన్న మంచిమాటలు కూడా అన్నీ దానికే దక్కాయి.