పరంధామయ్య గారి చలివేంద్రం

అయినా ఒక మనిషి ఒళ్లు కడుక్కోవడానికి ఇంత తొట్టి దేనికి, కొండ దిగివచ్చిన యాత్రికుడు గొంతుదాకా నీళ్లు నింపుకుని పడుకుంటాడు, లేచి బిరడా లాగితే అన్నీ కాలవలోకే, అనుకుంటూ సంతోషమ్మ లాడ్జి పై అంతస్తులో తెల్లటి తొట్టి తోముతోంది, చేతులకు చల్లగా తగులుతున్న నీళ్లను దోసిట్లో పట్టి తాగేయాలనిపిస్తోంది, పొద్దున జ్వరంతో మూలుగుతున్న తల్లి పెదవులకు తడిగుడ్డ అద్ది వచ్చింది, కుండలో అంతకుమించి లేవు, లాడ్జి గోడ వెనకే తమ పేట, పేట మధ్య బావి, నిరుటి ఎండల్లో కూడా చేంతాడుకు ఇంకో ముక్క ముడేస్తే నీళ్లందేవి, ఈ ఏడు లాడ్జి యజమాని పరంధామయ్య గారు అంతస్తు లేపి, గదిగదికీ తొట్టి పెట్టించి, లోతుగా కొత్త బోరు వేయించాక బావి అడుగున బురద పెళ్లలే మిగిలాయి, ఇది బోరు చేసిన పనేనని ఎవరూ చెప్పక్కర్లేదు, మొన్న మోటారు కాలిపోయి ఆగిపోతే బావిలో నీరూరింది, పక్కింటి గురవమ్మత్త నీళ్లొచ్చాయని కేకలు పెట్టింది, పేటంతా బిందెలతో పరుగెత్తింది, మోటారు బాగై వచ్చిన మర్నాడే మళ్లీ బురద.

మేనేజరు ఆదిమూలం మంచివాడే, ఆమె వరండా తుడుస్తుండగానే యజమానికి చెప్పి చూశాడు, సామీ, తొట్లు మూసేసి గదికి రెండు బకెట్లు పెడదాం, మోటారు పొద్దున పూట ఆడిస్తే సాలు, వెనకోళ్ల బాయి బతుకుతాది అని, పరంధామయ్య గారు నవ్వి, జనం దుడ్డు పెట్టేది బకెట్టు నీళ్లకా అబ్బా, పేటోళ్లకు ఏదో ఒక ధర్మం చేద్దాంలే అన్నాడు, ఆ ధర్మం ఇవాళ లాడ్జి ముందు వెలిసింది, తాటాకు పందిరి, ఇసుకలో కుదురుగా కొత్త కుండలు, మామిడి తోరణం, ఆయన నాయన పేరు రాసిన బోర్డు, అదిగో కిందినుంచి ఆయన పిలుపు, సంతోషమ్మా, బిరీన రా, మొదటి గ్లాసు నీకే.

దిగి వచ్చింది, ఎండలో వరసగా నిలబడినవాళ్లంతా పేటవాళ్లే, పరంధామయ్య గారు గ్లాసు ఆమె చేతిలో పెట్టి ఫోటో తీసేవాడి వైపు తిరిగాడు, కొంచెం నవ్వమ్మా అంటున్నాడు వాడు, ఆమె నాలుక పిడచగట్టుకుపోయింది, అయినా గ్లాసు నోటిదాకా పోలేదు, అయ్యా, ఈ గ్లాసు వద్దు, మాపటేల మోటారు ఆపండి, మా నీళ్లు మా బాయిలోకే వస్తాయి, ఆ మాట తన నోటినుంచే వచ్చిందా, ఆదిమూలం తల వంచుకున్నాడు, యజమాని మొహం ఎర్రబడింది, ధర్మం చేస్తావుంటే ఎదురు మాట్లాడతావా, రేపట్నించి పనిలోకి రావాకు, అని, వరసలో వెనక ఉన్నామెను ముందుకు పిలిచాడు, ఆమె వచ్చింది, గటగటా తాగింది, ఫోటో పడింది, ఆమెను తప్పుపట్టడానికి సంతోషమ్మకు మనసు రాలేదు, దాహం అలాంటిది, గ్లాసు పెట్టేసి గోడ పక్కగా పేట వైపు నడుస్తుంటే లోపల మోటారు రొద, ఆ నీళ్లే పైన తొట్లలోకి, ఆ నీళ్లే పందిట్లో కుండల్లోకి, ఇంతకీ ఆయన తమకు ఇవ్వవలసిందేమీ లేదు, తోడుకునేది కాస్త తగ్గించుకుంటే చాలు, కానీ అలా తగ్గించుకుంటే బోర్డు మీద పేరుండదు, చెయ్యి చాచి నిలబడే మనిషీ ఉండడు.